తుపాకి పట్టిన చేతికి చెప్పవలసిన పాఠము

పల్నాటివారికి పోలీసు తుపాకి క్రొత్తది కాదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున, పుల్లరి చెల్లింపమని నిలిచిన కన్నెగంటి హనుమంతు ఆ గుండ్లకే నేలకొరిగెను. పశువులను అడవిలో మేపుకొనుటకు పన్నేల యని యడిగిన రైతునకు నాటి ప్రభుత్వమిచ్చిన ప్రత్యుత్తరమది. ఆ నెలయందే చౌరీచౌరాలో జనులపై కాల్పులు జరిపిన పోలీసులు, తూటాలు తరిగిపోగా ఠాణాలో తలదాచుకొని మంటలపాలైరి. వివేకము తప్పిన తుపాకి పట్టినవానిని సైతము కాపాడజాలదని అప్పుడే తేలినది.

పరప్రభుత్వము పోయినను కాల్పులు పోలేదు. 2000 ఆగస్టు 28న బషీరుబాగులో విద్యుచ్ఛార్జీల పెంపును నిరసించినవారిపైని, 2007 జులై 28న ముదిగొండలో భూమికై యాందోళన చేసిన పేదలపైని పేలినవి మన తుపాకులే. ముదిగొండలో ఏడుగురు మడిసిరి.

ఇక క్రోసూరు ఠాణాలోని భటుని సంగతి యోచింతము. 2024 మే 13 నాటి పోలింగు సందర్భమున పల్నాడున చెలరేగిన హింసకు ఎన్నికల సంఘము జిల్లా ఎస్పీనే సస్పెండు చేసెను. పై యధికారికి దండన విధించుట సులభము. ఇరుపక్షముల నడుమ రాళ్లవానలో నిలువవలసినవాడు సామాన్య కానిస్టేబులు. కదలని గురిబొమ్మను కొట్టనేర్చిన విద్య వానికచ్చట కొరగాదు. గుంపులో ఎవడు కర్ర యెత్తెను, ఎవడు పారిపోవుచున్నాడు, వెనుక వాకిట నిలిచిన ముసలమ్మ యెవరు అని క్షణములో గుర్తింపగలుగుట వేరు విద్య. జనసమూహపు స్వభావమును, నచ్చజెప్పుటను, మధ్యవర్తిత్వమును పోలీసులకు నేర్పవలెనని 1990లో ఐక్యరాజ్యసమితి సమావేశము హవానాలో నిర్ణయించెను. మన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 148వ సెక్షను సైతము, ముందు చెదరిపొమ్మని యాజ్ఞాపించి, వారు వినకున్న బలమును ప్రయోగింపవచ్చుననుచున్నది. ఆ యాజ్ఞ తెలుగున, చివరి వరుసవానికి వినబడునట్లు పలుకుట శిక్షణలో ప్రథమ పాఠము కావలెను. వినబడని యాజ్ఞను ధిక్కరించెనని యెవనిని నిందింపగలము?

ఆత్మరక్షణమునకని లైసెన్సు కోరు గృహస్థులకును ఒక మాట. 2016 నాటి ఆయుధ నియమములు భద్రతా శిక్షణమును వారికి విధించినవి. అది ధ్రువపత్రము కొరకు జరుపు తంతు కారాదు. భారతీయ న్యాయ సంహితలోని 37వ సెక్షను ప్రకారము, ఆత్మరక్షణకు అవసరమైనదానికి మించి హాని చేయుటకు హక్కు లేదు. పోలీసుల యాశ్రయము పొందుటకు వ్యవధి యున్నచో అసలు హక్కే లేదు. తాతలనాటి కక్షను ఆత్మరక్షణ యని పిలుచువారు మనలో లేకపోలేదు గనుక ఇంత స్పష్టముగా వ్రాయుచున్నాము.

రానున్న యెన్నికలకు ముందే క్రోసూరు మొదలగు మండలముల ఠాణాలలో ఎవరికెట్టి శిక్షణ జరిగెనో జిల్లా పోలీసు శాఖ ప్రకటింపవలెను. కాల్పులు జరిగిన ప్రతి పర్యాయము, ఎవరి యాజ్ఞపై ఎన్ని తూటాలు వెడలెనో ఆ లెక్కయు ప్రజల యెదుట పెట్టవలెను.