సూటిదారి మూసుకుపోతే?

"ఒక దారి మూసుకుపోతే ఇంటర్నెట్ తనంతట తానే మరో దారి వెతుక్కుంటుంది" అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటున్నాం. మాట అబద్ధం కాదు. కాని ఎంతసేపటికి వెతుక్కుంటుంది అన్న ప్రశ్న ఏ పేపర్లోనూ నేను చూడలేదు. దారి మారిందన్న కబురును బి.జి.పి. ద్వారా ఒక సంస్థ మరో సంస్థకు చెప్పుకుంటూ పోవాలి. అంతా సర్దుకునేసరికి ఒక్కోసారి నిమిషాలు పడుతుంది. నాలుగు ఊళ్ళలో నాలుగు యంత్రాల మీద నడిచే అప్లికేషన్‌కు ఆ కాసేపూ పక్షవాతమే.

పైగా ఆ కబురు నిజమేనా? 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి, ఆ చిరునామాలకు దారి తన దగ్గరే ఉందని లోకమంతా చాటింది. పై సంస్థ నమ్మి ముందుకు పంపింది. దాదాపు రెండు గంటలసేపు ఎక్కడెక్కడివాళ్ళకో యూట్యూబ్ అందలేదు. ఇప్పుడు చిరునామా ఎవరిదో సంతకంతో రుజువు చేసే ఆర్.పి.కె.ఐ. ఉంది, మంచిదే. అది అబద్ధాన్ని పట్టుకుంటుంది గాని తెగిన తీగను అతకదు గదా!

నా మట్టుకు నాకు 2001లో ఎం.ఐ.టి. వాళ్ళు చూపిన 'రాన్' పద్ధతే సబబుగా తోస్తుంది. (అందులో ఒకరైన హరి బాలకృష్ణన్ మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవారే.) 12 చోట్ల యంత్రాలు పెట్టి, అవి ఒకదాన్నొకటి ఎప్పటికప్పుడు "ఉన్నావా?" అని పలకరించుకునేట్టు చేశారు. సూటిదారి పలకకపోతే మధ్యలో మరో యంత్రం గుండా పంపడం, అంతే! ఆ మార్చిలో 64 గంటలపాటు కొలిచిన 132 దారుల్లో, అరగంటకు మించిన అంతరాయాలు 32 వచ్చాయి. అన్నిటినీ సగటున 20 సెకన్లలోపే తప్పించుకుంది. ఇందుకోసం ఏ కంపెనీ రూటర్‌నూ ముట్టుకోలేదు.

ఊరికే రాదు లెండి. 12 యంత్రాలకు 132 దారులైతే 50 యంత్రాలకు 2,450, పలకరింపులకే బరువెక్కుతుంది. చిన్న బృందాలకే ఇది పనికొస్తుంది. ఇంకో సంగతి: రెండు కంపెనీల కనెక్షన్లున్నాయని ధీమాగా ఉంటారు కొందరు. రెండు కేబుళ్ళూ ఒకే గోతిలో పోతుంటే ఒక్క జె.సి.బి. చాలు, ఏ రానూ ఆదుకోలేదు.

మన ఫైనలియర్ ప్రాజెక్టులు మాత్రం ఒకే గదిలో, ఒకే స్విచ్చికి తగిలించిన యంత్రాల మీద దివ్యంగా నడుస్తాయి. ఎందుకు నడవవు? లెక్చరర్లకు నాదొక మనవి. వైవా రోజున రెండు యంత్రాల మధ్య సూటిదారి మూసెయ్యండి, మూడోది మాత్రం రెండిటికీ అందేలా ఉంచండి. ఏ రెండో మాకు ముందుగా చెప్పకండి. ఓ నిమిషం గడియారం చూసి, ఆ తర్వాత మార్కులు వెయ్యండి.