కంటికి కానరాని నట్లు

కారు చక్రము మడ్‌గార్డు లోపలికి నక్కి యుండుట నేటి యువకులలో పెక్కురకు నచ్చకున్నది. చక్రపు టంచును బాడీ అంచుతో సమముగా వెలుపలికి తెచ్చినచో బండికి వెడల్పైన నిలుకడయు, పందెపు కార్ల ఠీవియు వచ్చునని తలచి, అందులకు తగిన కొత్త చక్రములను కొనుటకు మారుగా, హబ్బునకును చక్రమునకును నడుమ నొక అల్యూమినియపు బిళ్ళను బిగింపించుకొనువారు నానాటికి హెచ్చుచున్నారు. దీనినే వీల్ స్పేసరు అందురు. 3 మిల్లీమీటర్ల పలుచని బిళ్ళ మొదలుకొని 50 మిల్లీమీటర్ల దిమ్మ వరకును ఇవి అంగళ్ళలో లభించును. వెలుపల మెరయు చక్రమును చూచి ముచ్చటపడువారు పలువురే గాని, లోపలి బిళ్ళ ఎన్నేండ్లు నమ్మకముగా పనిచేయునని అడుగువారు అరుదు.

స్పేసరు పేరు చెప్పగనే అనుభవజ్ఞులైన మెకానిక్కులు ముఖము చిట్లింతురు. ఆ చిట్లింపు సర్వత్ర న్యాయమని నేననను. పోర్షే కంపెనీ తన 911 కార్లకు 5 మిల్లీమీటర్ల స్పేసర్లను, వానికి తగిన పొడవైన బోల్టులతో సహా, తానే అమ్మినది. జర్మనీలో ఇట్టి బిళ్ళలు పరీక్షాపత్రముతో కూడ వచ్చును. బిగించిన పిమ్మట తనిఖీ సంస్థవారు చూచి ఆమోదించుట అచటి ఆచారము. కావున వస్తువు స్వభావముచేతనే దుష్టమైనది కాదు.

బేరింగులు చెడిపోవునను మాట అందరి నోటను వినబడును. అందు సత్యము లేకపోలేదు. చక్రము వెలుపలికి జరిగిన కొలదిని రోడ్డు నుండి వచ్చు తాకిడి బేరింగును మరింత దూరము నుండి వంచజూచును. స్వీడన్ దేశీయులైన లుండ్‌బర్గ్, పాల్మ్‌గ్రెన్ అను వారు 1947లో ప్రకటించిన సిద్ధాంతమును బట్టి బాల్ బేరింగు ఆయుర్దాయము భారము యొక్క ఘనమునకు విలోమముగా నుండును. అనగా భారము నూటికి 10 పాళ్ళు పెరిగినచో ఆయువు సుమారు 25 పాళ్ళును, 20 పాళ్ళు పెరిగినచో 40 పాళ్ళకు పైగాను తరుగును. కాని విమర్శకులు ఇచట నొక సంగతిని మరచుచున్నారు. 45 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ (చక్రపు నడిమి గీతకును, అది హబ్బును తాకు మొగమునకును గల దూరము) గల చక్రము వెనుక 20 మిల్లీమీటర్ల స్పేసరు నుంచినను, స్పేసరు లేకయే 25 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ గల అల్లాయి చక్రమును తొడిగినను, బేరింగునకు పడు కష్టమొక్కటియే. గోతిలో పడినపుడు స్టీరింగు ప్రక్కకు లాగుటయు రెండింటను సమానమే. కావున ఈ నేరమును స్పేసరు ఒక్కదాని నెత్తిన రుద్దుట తగదు. దాని అసలు దోషము వేరొకచోట నున్నది.

చక్రమును హబ్బునుండి పొడుచుకొనివచ్చు మరచీలలగు స్టడ్డులు మేకువలె మోయుచున్నవని సామాన్యుల యూహ. వాస్తవమది కాదు. నట్టును బిగించినపుడు ఉక్కు స్టడ్డు కంటికి తెలియనంతగా సాగును. సాగిన ఉక్కు తన పూర్వస్థితికి రాజూచుచు చక్రమును హబ్బు మొగమునకు అదిమి పట్టును. ఆ యదుముడు వలన పుట్టు ఘర్షణయే కారు భారమును, బ్రేకు తాకిడిని మోయునది. ఆ బిగువు సడలిననాడు భారము స్టడ్డుమీదనే పడును. చిన్నకారు చక్రము కిలోమీటరునకు ఇంచుమించు 500 మారులు తిరుగును. తిరిగిన ప్రతిసారియు స్టడ్డు ఇటును అటును వంగును. కొన్ని వేల కిలోమీటర్ల పిమ్మట మర మొదట సన్నని పగులు పుట్టి, ఒకనాడు తెగును. స్పేసరు చేరగనే రెండు లోహముల కలయిక యున్నచోట మూడు వచ్చి నిలుచును. అదుముడు నమ్ముకొనవలసిన మొగములు ఒక జతకు రెండు జతలగును. ఆ మొగములపై నున్న పెయింటు గాని, తుప్పుపొర గాని, మట్టి గాని నలిగిపోయిన కొలదిని బిగువు తగ్గును.

పలుచని బిళ్ళలతో మరియొక చిక్కు గలదు. స్విఫ్ట్ కారు స్టడ్డు 12 మిల్లీమీటర్ల మందము గలది. దాని మరపై నట్టు ఒక చుట్టునకు 1.25 మిల్లీమీటర్లు నడచును. స్టడ్డు మందమెంతయో కనీసమంత మేర నట్టు మరలోనికి ఎక్కవలెనన్నది ఇంజనీర్ల నియమము. పాత స్టడ్డులనే యుంచి 5 మిల్లీమీటర్ల బిళ్ళను తొడిగినచో నాలుగు చుట్లు పోయినవన్నమాట. అదే కారు హబ్బు నడిమి ఉబ్బు వ్యాసము 54.1 మిల్లీమీటర్లు, అన్ని కార్లకును సరిపడునట్లు పెద్ద రంధ్రముతో చేసిన చౌక స్పేసరు ఆ యుబ్బుపై కూర్చుండక స్టడ్డులపైననే వ్రేలాడును. అట్టి బండిని 80 కిలోమీటర్ల వేగము దాటించి చూడుడు, స్టీరింగే సాక్ష్యము చెప్పును.

మందపు బిళ్ళలు దీనికి భిన్నమైనవి. వానిని కారు స్టడ్డులకు ఒక వరుస నట్లతో బిగించి, బిళ్ళకున్న స్వంత స్టడ్డులకు చక్రమును రెండవ వరుస నట్లతో బిగింతురు. మంచి 6061 గాని 7075 గాని అల్యూమినియముతో తీర్చిన బిళ్ళ విరుగుట అరుదు. కాని ఆ మొదటి వరుస నట్లు చక్రము చాటున దాగియుండును. బిగించిన తరువాత 100 కిలోమీటర్లలోపల తిరిగి టార్క్ రెంచితో, అనగా బిగువును కొలిచి చూపు పానాతో, సరిచూడవలెనన్నది తయారుచేయువారి మాట, సరిచూచుటకు చక్రమును విప్పవలెను, విప్పువారెవరు? రహదారి ప్రక్క పంక్చరు షాపులో కుర్రవాడు ఎయిర్ గన్నుతో బయటి నట్లను బర్రున తిప్పి పంపును. లోపల మరియొక వరుస గలదని వాడెరుగడు, ఎరిగినను వానియొద్ద టార్క్ రెంచి యుండదు. విశాఖ, కాకినాడ వంటి తీరపట్టణములలో ఉప్పుగాలికి ఉక్కు హబ్బును అల్యూమినియపు బిళ్ళయు కరచుకొనిపోయి, సుత్తి దెబ్బలతో గాని ఊడి రాకుండుటయు గలదు. మన పూర్వులు బండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన వేసి, కడచీలను చేతితో తడవి చూచుకొనెడివారు. అది కంటి యెదుటనే యుండెడిది గనుక ఆ జాగ్రత్త సులభమయ్యెను. స్పేసరు కడచీలను చక్రము వెనుక దాచినది.

చట్టము మాటకు వత్తము. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను రిజిస్ట్రేషన్ పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగా సమర్థించినది. స్పేసరు పేరు ఆ సెక్షనులో లేదు. ప్రమాదము జరిగిననాడు బీమా కంపెనీవారు ఈ బిళ్ళను సాకు చేసికొనరని మాత్రము ఎవరును హామీ ఈయజాలరు.

నా యభిప్రాయము స్పష్టము. టార్క్ రెంచి స్వయముగా పట్టగలిగి, ఆరు మాసములకొకసారి చక్రములను విప్పి, మొగములను తోమి, లోపలి నట్లను సరిచూచుకొను ఓపికగల యే కొలదిమందికో తప్ప, మన రోడ్లపై, మన షాపుల నడుమ, స్పేసరు దీర్ఘకాలము నమ్మదగిన వస్తువు కాదు. వెడల్పు కావలెనన్నవారు తగిన ఆఫ్‌సెట్ గల అల్లాయి చక్రములనే కొనవలెను; వానికి ఏఐఎస్-073 అను ప్రమాణమైనను గలదు. ఇప్పటికే స్పేసర్లు బిగించుకొన్న పాఠకులు, దూరప్రయాణమునకు బయలుదేరుటకు పూర్వమే చక్రములు నాలుగింటిని విప్పించి, లోపలి నట్లను తమ కన్నులయెదుట టార్క్ రెంచితో సరిచూపించుకొనవలెనని మనవి.