'మస్తు'ను వెక్కిరిస్తే వచ్చేది 'సూపర్'

బాన్సువాడ అంగడిలో కాసేపు నిలబడితే 'మస్తు' వినబడక మానదు. మస్తు ఎండ, మస్తు కారం, మస్తు మంది. పడుచువాళ్ల నోట ఇప్పుడు 'సూపర్' కూడా అంతే జోరుగా వినవస్తున్నది. భాషాభిమానులకు రెండూ గిట్టవు. మొదటిది మోటు, రెండవది ఆంగ్లం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

పుట్టుక రీత్యా రెండూ పరాయివే. 'సూపర్' అంటే లాటినులో 'పైన'. 'మస్త్' అంటే పారశీకంలో మత్తెక్కినవాడు. 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉండి, మరాఠీ, కన్నడ నేలలకు చేరువగా ఉన్న ఈ మంజీరా పరిసరాలలోకి అది ఉర్దూ వెంట వచ్చింది. మత్తు కాస్తా మెప్పయింది, మెప్పు కాస్తా 'మిక్కిలి' అయింది. ఇందులో వింత లేదు. మన 'చాలా' కూడా 'చాలు' నుండి పుట్టినదే. ఆంగ్లేయుల 'వెరీ'కి మూలం 'నిజమైన' అని అర్థమిచ్చే పాత ఫ్రెంచి మాట.

తేడా పుట్టుకలో లేదు, చేసే పనిలో ఉన్నది. 'సూపర్' మెచ్చుకోవడానికే పనికివస్తుంది. 'సూపర్ మంది వచ్చిండ్రు' అని ఎవరూ అనరు. 'సూపర్ బాధైంది' అంటే వెక్కిరింతగా తోస్తుంది. 'మస్తు' అట్లా కాదు. 'పెండ్లిల మస్తు నవ్వినం' అన్న నోరే 'అవ్వ పోయినంక మస్తు ఏడ్చిన' అంటుంది. విన్నవారు నవ్వరు. సుఖాన్నీ దుఃఖాన్నీ ఒకే మానికతో కొలవగల మాట అది.

'చాలా' ఉన్నది కదా అని అడగవచ్చు. ఉన్నది, 'శాన' కూడా ఉన్నది. అయితే జరిగినది చూడండి. ఈ యాసను తెలుగు సినిమా చాలాకాలం హాస్యగాళ్లకూ ప్రతినాయకులకూ కేటాయించింది. చదువుకున్నవారు దానిని మోటన్నారు. అందువల్ల 'మస్తు' అనడానికి సిగ్గుపడిన పిల్లవాడు 'చాలా'ను చేరుకున్నాడా? లేదు. ఎవరూ నవ్వని 'సూపర్'ను పట్టుకున్నాడు. శుద్ధభాష కోసం చేసిన ఎగతాళి ఆంగ్లానికే దారి వేసింది. పైగా ఆ పిల్లవాడికి మెచ్చుకోవడానికి మాట దొరికింది గాని, దుఃఖాన్ని చెప్పుకునే మాట పోయింది.

మాటను దాని కులగోత్రాలతో కాక, అది మోయగల బరువుతో తూచాలి. మీ ఊళ్లో ఇంత బరువు మోసే మాట ఏది? దానిని ఇంకా సిగ్గుపడకుండా పలుకుతున్నారా?