భజంత్రీలకు టికెట్టా?

"సన్నాయా? పెళ్లిలో వినొచ్చులేరా!"

మూడు రోజుల వాదనలో నన్ను ఓడించింది ఈ ఒక్క మాటే. ఓడించింది అంటే నా దగ్గర జవాబు లేక కాదు. జవాబు చెప్పాలంటే మా తాతయ్య గురించి చెప్పాల్సి వస్తుంది. ఎనిమిదేళ్లుగా కలిసి తిరుగుతున్న మా బ్యాచ్‌లో ఎవరికీ ఆయన గురించి నేను చెప్పలేదు. ఆ రోజు మింగేసిన జవాబు ఇప్పుడిక్కడ కక్కుతున్నాను.

సంగతి ఇది. ఫిబ్రవరిలో ఒక శనివారం, హైదరాబాద్‌లో ఒకే సాయంత్రం రెండు కచేరీలు. ఒకటి ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక పెద్ద గ్రౌండ్‌లో, మేమంతా పిచ్చిగా ప్రేమించే సినిమా సంగీత దర్శకుడి లైవ్ షో. (పేరు రాయను. ఆయన మీద నాకు కోపమూ లేదు, ఆయన అభిమానులతో గొడవ పెట్టుకునే ఓపికా లేదు.) అన్నిటికంటే చవక టికెట్టు 2,500. స్టేజీ దగ్గర నిలబడాలంటే 9,000. రెండోది సిటీ మధ్యలో ఒక పాత హాల్లో, పల్నాడు నుంచి వస్తున్న ఇద్దరు అన్నదమ్ముల నాదస్వర కచేరీ. ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే.

మేం ఐదుగురం. నేను తప్ప నలుగురూ గ్రౌండ్ వైపే. వాళ్ల వాదనలు వింటుంటే మెల్లగా నాకొకటి అర్థమైంది. ఎవరూ సంగీతం గురించి మాట్లాడటం లేదు. "ముప్పై పాటలు గ్యారంటీ" అన్నాడు రూమ్మేట్, పెళ్లి భోజనంలో ఐటమ్స్ లెక్కపెట్టినట్టు. "మళ్లీ ఎప్పుడొస్తాడో" అన్నాడు ఇంకొకడు. పల్నాడు అన్నదమ్ములు మళ్లీ ఎప్పుడొస్తారన్న ప్రశ్న వాడికి రాలేదు. "పోయినసారి చెన్నై షోలో అచ్చం సీడీలో ఉన్నట్టే పాడారంట మామా" అన్నాడు మూడోవాడు, అదేదో గొప్ప సర్టిఫికెట్ అయినట్టు.

అచ్చం సీడీలో ఉన్నట్టే పాడితే సీడీ ఏం పాపం చేసింది?

ఆగండి. క్లాసికల్ ఎక్కువ, సినిమా తక్కువ అనే పాత పాటే కదా ఇది అనుకుని పేజీ మూసేసేవాళ్లకు ఒక మాట. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ హాస్టల్ డాబా మీద ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో, ఒకటి రూమ్మేట్ చెవిలో పెట్టుకుని ఈ దర్శకుడి పాటలే విన్నవాణ్ణి నేను. ఇప్పటికీ నిద్ర పట్టకపోతే అవే. ఆ గ్రౌండ్‌కి వెళ్లి, వేలమంది మధ్య గొంతు చించుకుని పాడటంలో ఒక సుఖం ఉంది. అది జాతర సుఖం. జాతరకు వెళ్లడం తప్పు అనడానికి నేనెవర్ని? నా పేచీ ఒకటే. దాన్ని జాతర అనండి. "లైవ్ మ్యూజిక్ వినడానికి వెళ్తున్నాం" అనొద్దు. అక్కడ వినేది పక్కవాడి గొంతు, చూసేది తెర. ప్రతి పాటా మొదటి రెండు సెకన్లలోనే మనకు తెలిసిపోవాలి, తెలియగానే అరవాలి. తెలియనిది వినపడితే అందరూ వాటర్ బాటిల్ కోసం లేస్తారు.

ఇప్పుడు ఆ మాట దగ్గరికి వస్తాను. పెళ్లిలో వినొచ్చులే.

పెళ్లిలో సన్నాయి విన్నవాణ్ణి నాకొక్కణ్ణి చూపించండి. (పోస్టర్ మీద నాదస్వరం అని వేస్తాం, నోటితో సన్నాయి అంటాం. ఉత్తరాది షెహనాయి వేరు, పొట్టిది. మనది పొడుగు, గొంతూ పెద్దది.) పెళ్లిలో అది వినడానికి పెట్టింది కాదు. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడూ తాళి కట్టేటప్పుడూ పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం!" అంటారు. అప్పుడు డోలూ సన్నాయీ ఒక్కసారిగా ఎందుకు విరుచుకుపడతాయో తెలుసా? ఆ క్షణంలో ఎవరి తుమ్మో, ఎవరి ఏడుపో, ఏ అశుభం మాటో దంపతుల చెవిన పడకూడదని. అంటే ఇంకేదో వినపడకుండా ఉండటానికి డబ్బులిచ్చి పెట్టుకున్న వాద్యం అది. మిగతా ఆరు గంటలూ వీడియోగ్రాఫర్ లైట్ల వెనక, కూలర్ పక్కన, ఒక మూల కూర్చుని వాళ్లేం వాయించారో పెళ్లికొడుకుని అడగండి, పెళ్లికూతుర్ని అడగండి. ఈమధ్య ఆ మూల కూడా పోయింది, డీజే వచ్చాడు. గట్టిమేళానికి మాత్రం ఇంకా వీళ్లు కావాలి. తుమ్ముల భయం డీజే తీర్చలేడేమో.

మా తాతయ్య డోలు వాయించేవాడు. మేం నాయీబ్రాహ్మలం. ఊళ్లో పొద్దున పూట క్షవరం, మాఘమాసం వస్తే మేళం. ఆయన వేళ్లకు తొడుక్కునే గట్టి తొడుగులు ఒక అగరొత్తుల డబ్బాలో ఉండేవి. చిన్నప్పుడు నేను అవి పెట్టుకుని కంచం మీద కొడితే మా అమ్మ వీపు మీద ఒకటి వేసి లాక్కునేది. చదువుకునే పిల్లాడి వేళ్లకు అవి తగలకూడదని ఆమె పంతం. పెళ్లిళ్లలో భజంత్రీలకు భోజనం ఆఖరి పంక్తి. గారెలు అయిపోయాక. ఆయన ఎన్ని పెళ్లిళ్లకు వాయించాడో లెక్క లేదు గానీ, "బాగా వాయించావు" అని ఎవరైనా అన్న పెళ్లి ఏదని అడిగితే నవ్వేవాడు. డబ్బు తక్కువిచ్చినవాళ్ల పేర్లు మాత్రం వరసగా చెప్పేవాడు. బీటెక్‌లో చేరినప్పుడు, మీ తాతగారు ఏం చేసేవారని ఎవరో అడిగితే "మ్యూజిక్ టీచర్" అన్నాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. "పెళ్లిలో వినొచ్చులే" అన్న రూమ్మేట్ కన్నా నేనేం గొప్పవాణ్ణి కాదు. వాడు ఒక్కసారి అన్నాడు. నేను పదేళ్లు దాచాను.

చివరికి ముగ్గురు గ్రౌండ్‌కి వెళ్లారు. మా బ్యాచ్‌లో ఉన్న ఒకే ఒక్క అమ్మాయి, ట్రాఫిక్‌కి భయపడి, నాతో వచ్చింది. సంగీతం మీద ప్రేమతో అని అబద్ధం రాయను.

హాల్లో నాలుగొందల కుర్చీలు ఉంటాయి. మనుషులు అరవై మంది. అందులో సగం మంది శాలువాలు కప్పేవాళ్లు, కప్పించుకునేవాళ్లు. ఆరింటికి అన్న కచేరీ ఏడింటికి కూడా మొదలవలేదు. గంటసేపు ఉపన్యాసాలు. ఒకాయన నాదస్వరం మంగళవాద్యం అని ఇరవై నిమిషాలు చెప్పారు. ఆయన అది చెబుతుంటే, తెర పక్కన ఆ మంగళవాద్యం వాయించేవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లకు కుర్చీలు వేయాలని ఎవరికీ తోచలేదు. మంగళం అని పొగుడుతూ నిలబెట్టడం మనకు కొత్తేం కాదు. టి.ఎన్. రాజరత్నం పిళ్లై 1956లో పోయాడు. గాత్రం వాళ్లకిచ్చే మర్యాదే నాదస్వరానికీ ఇవ్వాలని ఆయన బతికున్నంత కాలం పేచీలు పెట్టుకున్నాడు. ఆయన తోడి రాగం గురించి పాతతరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. పేచీ మాత్రం అక్కడే ఉంది.

తర్వాత వాయించారు.

మొదట మల్లారి. గుళ్లో దేవుణ్ణి ఊరేగింపుకి బయటికి తెచ్చేటప్పుడు వాయించేది, గంభీరనాట రాగం. వాయిస్తున్నవాళ్లు ఇద్దరూ ముస్లింలు. గుంటూరు, ప్రకాశం వైపు తరతరాలుగా ఈ వాద్యాన్ని నిలబెట్టిన కుటుంబాలు ఉన్నాయి. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా అక్కడివాడే, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులదీ అటువైపు పరంపరే. ఈ పేర్లు మన సాహిత్య పేజీల్లో ఎన్నిసార్లు చదివారు? బ్యాండ్ల డ్రమ్మర్ల పేర్లు నాకు పది తెలుసు. చిన మౌలానా పేరు నేను విన్నది ముప్పయ్యో ఏట.

మల్లారి అయ్యాక పెద్దాయన మైకు పక్కకి జరపమన్నాడు. సౌండ్ కుర్రాడికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. మైకు పోయాక తెలిసింది, అంతసేపూ మేం విన్నది ఆ వాద్యాన్ని కాదని. వీధుల్లో, ఊరేగింపుల్లో ఎదురుగాలిని దాటుకుని వినపడటానికి చేసిన చెక్క అది. దాని గొంతుకు ఫోను సరిపోదు, ఇయర్‌ఫోన్ సరిపోదు. "యూట్యూబ్‌లో ఉంటుందిగా" అంటారు, ఉంటుంది. ఏనుగు ఫొటో కూడా ఉంటుంది.

ఖరహరప్రియ ఆలాపన నలభై నిమిషాలు సాగింది. రాగం పేరు నాకు తెలియదు, ముందు వరుసలో పెద్దాయన ఎవరో పైకే అన్నారు. మాటలు లేవు, పల్లవి లేదు, కలిసి పాడటానికి ఏమీ లేదు. ఏడు వేలి రంధ్రాలు, ఊపిరి, పెదాల మధ్య చిన్న రెల్లు పీక. స్వరాల మధ్య సందుల్ని కూడా ఊపిరి బిగించి, సడలించి పలికిస్తున్నాడు. మధ్యలో ఒక చోట పీక మొరాయించింది. ఆపి, వాద్యానికి దారంతో వేలాడుతున్న పీకల్లోంచి ఇంకొకటి తీసి, నోట్లో తడిపి, సూదితో సర్ది, బిగించి, ఊది చూశాడు. అంతవరకూ తమ్ముడు అదే స్వరం మీద నిలబడి అన్న కోసం ఆగాడు. ఊపిరి ఆడుతున్న చప్పుడు మాకు తెలుస్తోంది. ఆ నిలబెట్టిన ఒక్క స్వరం నా వరకూ ఆ సాయంత్రానికి కచేరీ. ముప్పై పాటల గ్యారంటీలో ఇది రాదు, ఎందుకంటే ఇది జరుగుతుందని వాళ్లకూ తెలియదు.

డోలు తనియావర్తనం మొదలవగానే పదిహేను మంది లేచి టీకి వెళ్లారు. శాస్త్రీయ సంగీతం తెలిసినవాళ్లమని చెప్పుకునేవాళ్లే. గ్రౌండ్‌లో తెలియని పాటకి వాటర్ బాటిల్ కోసం లేచేవాళ్లకీ వీళ్లకీ తేడా పంచెకట్టు ఒక్కటే. నేను డోలు ఆయన కుడిచేతి వేళ్లనే చూస్తూ కూర్చున్నాను.

బయటికొచ్చాక నిర్వాహకుల్లో ఒక పెద్దమనిషిని అడిగాను. "టికెట్ పెట్టొచ్చు కదండీ, మూడొందలు పెట్టినా కొనేవాణ్ణి." ఆయన ఎంతో ఆప్యాయంగా నవ్వి అన్నాడు: "భజంత్రీలకు టికెట్టా? ఎవరొస్తారు బాబూ!"

అదే మాట. రూమ్మేట్ అన్నదీ ఆయన అన్నదీ ఒకే మాట. ఒకడికి ఇరవై తొమ్మిదేళ్లు, ఒకాయనకు డెబ్భై ఉంటాయి. ఒకడు సినిమా పాటల భక్తుడు, ఒకాయన త్యాగరాజ భక్తుడు. ఈ ఒక్క దగ్గర ఇద్దరూ కలిశారు. ఉచితం అంటే మనకు ఉచితం. ఆ ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకున్నారు. ఈ కేసులో పెట్టుకున్నది వాయించినవాళ్లే. బస్సు చార్జీలూ, రెండు శాలువాలూ, ఒక జ్ఞాపిక, సీజన్లో వదులుకున్న ఒక పెళ్లి బేరం. శాలువాతో పిల్లల ఫీజు కట్టలేం. ఇది నేను కనిపెట్టిన నిజం కాదు, మా ఇంట్లో బీరువా అడుగున మా తాతయ్య శాలువా ఒకటుంది.

నాతో వచ్చిన స్నేహితురాలు మెట్రో స్టేషన్ దగ్గర అడిగింది. అప్పటికి తాతయ్య సంగతి చెప్పేశాను. "అంటే నువ్వు సంగీతం కోసం రాలేదు, మీ తాత కోసం వచ్చావు. అప్పుడు నీకూ, మన ఆయన ఏం చేసినా సూపర్ అనే ఫ్యాన్‌కీ తేడా ఏంటి?"

మంచి ప్రశ్న. రాత్రంతా నమిలాను. అవును, తాత కోసమే వెళ్లాను. కానీ ఎవరు ఊరికే వెళ్తున్నారు? గ్రౌండ్‌కి వెళ్లిన ముగ్గురూ తమ హాస్టల్ డాబా కోసం వెళ్లారు. ముందు వరుస పెద్దాయన వాళ్లింట్లో రాగాల పేర్లు అన్నంతో పాటు తినిపించారు కాబట్టి వచ్చాడు. తేడా ఎక్కడంటే, వాళ్ల జ్ఞాపకాన్ని అభిరుచి అంటారు, నా దాన్ని కులం అంటారు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. తాత కోసం వెళ్లినవాణ్ణి ఆ పీక మార్చిన నిమిషంలో తాతను మర్చిపోయాను. స్వరం నిలబడుతుందా పడిపోతుందా అన్నదే చూశాను. ఆమె కూడా ఫోను బ్యాగులో పెట్టేసిందని గమనించాను, అప్పుడు అనలేదు.

గ్రౌండ్ నుంచి ముగ్గురూ రాత్రి రెండింటికి చేరారు. పార్కింగ్‌లోంచి బయటపడటానికే గంటన్నర. అయినా రూమ్మేట్ ముఖం వెలిగిపోతోంది. ఒక పాటకు ఏడ్చాడట. నమ్మాను, ఆ పాటకు నేనూ ఏడ్చేవాణ్ణే. నేను పీక సంగతి చెప్పాను. మామూలుగా అయితే "లైట్ తీస్కో" అనేవాడు. ఈసారి అడిగాడు, "అంతసేపు ఊపిరి ఎలా పట్టాడ్రా?"

ఇక పల్నాడు అన్నదమ్ముల్ని హాలు వెనక మెట్ల దగ్గర నేనొకటి అడిగాను. "మేస్టారూ, మళ్లీ హైదరాబాద్‌లో ఎప్పుడు?" పెద్దాయన వాద్యాన్ని గుడ్డలో చుడుతూ, "కచేరీ అయితే తెలీదు బాబూ. ఇరవై ఆరున నాగోలు వైపు పెళ్లి ఉంది, రాండి" అన్నాడు.

పెళ్లిలో వినొచ్చులే అన్నమాట నిజమే అయింది. ముహూర్తం రాత్రి ఒంటి గంట దాటాక. మాకు శుభలేఖ లేదు, పెళ్లివాళ్లెవరో తెలియదు. రూమ్మేట్ బండి తీస్తానన్నాడు. భోజనం మాత్రం తినేసే వెళ్దాం అన్నాను.