రాగికి ధర పెరిగింది, మరి పొలం ఎందుకు పెరగలేదు?



వినాయక చవితికి తెచ్చే గరిక, మన ఇంట్లో సంగటికి వాడే రాగి ఒకే గడ్డి ఉపకుటుంబానివని మీకు తెలుసా? దాని పేరు క్లోరిడాయిడే. ఇథియోపియా వాళ్ల ముఖ్య ఆహారమైన టెఫ్ కూడా ఇందులోదే. ఎండ, వేడి, తక్కువ వాన, వీటికి అలవాటుపడ్డ గడ్డిజాతులివి.

ఎలా తట్టుకుంటాయి? ఆకు రంధ్రాలు తెరిస్తేనే మొక్కకు కార్బన్ డయాక్సైడ్ దొరుకుతుంది, కానీ అదే దారిలో నీరు ఆవిరైపోతుంది. రాగి ఆకు ఆ వాయువును ముందు లోపల పోగుచేసుకుని తర్వాత వాడుకుంటుంది. కాబట్టి రంధ్రాలు ఎక్కువ తెరవక్కర్లేదు. వరి ఆకుకు ఈ ఏర్పాటు లేదు. దీన్నే పై తరగతుల్లో సీ-4 పద్ధతి అని చదువుతారు.

ఇక అసలు విషయానికి వద్దాం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. 2025-26కు కేంద్రం క్వింటాలు రాగికి 4,886 రూపాయల మద్దతు ధర ఇచ్చింది, సాధారణ వరికి 2,369. అంటే రెండింతలకు పైనే. అయినా 1960ల నాటితో పోలిస్తే దేశంలో రాగి పండే నేల సగానికి పైగా తగ్గిపోయింది. ఎందుకు?

లెక్క ధర ఒక్కదానిదే కాదు. ఎకరాకు వచ్చే గింజ వరి కంటే రాగికి బాగా తక్కువ. పైగా రాగి ఎక్కువగా వాన మీదే పండుతుంది. బోరు పడిందంటే రైతు కూరగాయలకో మల్బరీకో మారతాడు. మద్దతు ధర కాగితం మీద ఉంటే చాలదు, కొనేవాళ్లు కూడా ఉండాలి. ప్రభుత్వం కొనని చోట రైతుకు సంత ధరే గతి.

అందుకే బడి గ్లాసు ముఖ్యం. కర్ణాటకలో 2024 ఫిబ్రవరి నుంచి ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పాలతో రాగి మాల్ట్ ఇస్తున్నారు, మొదట వారానికి 3 రోజులు. ఒడిశాలో 2017లోనే మిల్లెట్స్ మిషన్ మొదలైంది. ఇలాంటి కొనుగోలు ఏటా నిలకడగా ఉంటేనే రైతు ధైర్యంగా విత్తుతాడు. ఒక్క ఏడాది ఉత్సవంతో అది రాదు.

పిల్లలూ, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో 10 దరిదాపుల్లోనే. గ్లాసులో సగం వదిలేసే ముందు ఇది గుర్తుంచుకోండి. పెద్దలారా, వారానికి రెండు పూటలైనా ఇంట్లో సంగటో, రొట్టో, అంబలో చేయండి. చోళ్లు, తైదలు, మండియా, నాచణి, మీరు ఏ పేరుతో పిలిచినా గింజ ఒక్కటే. మన ఇంట్లో కుండ పొయ్యెక్కితేనే అక్కడ పొలంలో విత్తు పడుతుంది.