సాక్షి సంతకం విలువ

దొంగతనమనగానే గోడకు వేసిన కన్నమూ, పగిలిన తాళమూ మన మనసులో మెదలుతాయి. కాని నేడు తాళం తాళంగానే ఉండగా ఇల్లు చేతులు మారుతున్నది. యజమాని పేరు పెట్టుకొని, నకిలీ ఆధార్ కార్డు చూపి, పరాయివాడొకడు సబ్-రిజిస్ట్రారు ఎదుట సంతకం చేస్తాడు. గల్ఫ్ దేశాలలో పనిచేసేవారి ప్లాట్లు, వృద్ధుల ఇళ్ళు, వారసులు పట్టించుకోని ఖాళీ స్థలాలు ఈ మోసానికి సులభంగా లోనవుతాయి.

దీనిని అరికట్టడానికి చట్టం లేకపోలేదు. ఎదుట హాజరైన వ్యక్తి ఎవరో రూఢి చేసుకొనవలసిన బాధ్యతను 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 34వ సెక్షను అధికారిపై ఉంచింది. పరుల పేరుతో దస్తావేజు దాఖలు చేసినవారికీ, అందుకు తోడ్పడినవారికీ ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చునని 82వ సెక్షను చెబుతున్నది. 2001లో అమలులోకి వచ్చిన సవరణతో దస్తావేజుపై ఫోటోలు, వేలిముద్రలు తప్పనిసరి అయినాయి. అయితే ఆ వేలిముద్రలకే 2018లో రక్షణ కరువైంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల నుండి వాటిని సేకరించి, రబ్బరు అచ్చులు చేసి, వేలాది సిమ్‌కార్డులకు వాడారన్న అభియోగంపై పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు.

కనుక యంత్రాలను మాత్రమే నమ్ముకొని కూర్చొనుట క్షేమం కాదు. "ఈయనను మేమెరుగుదుము" అని చెప్పే సాక్షులు నిజం పలికిననాడు ఏ మారుమనిషీ ఆ గడప దాటలేడు. కాని ఒక టీకీ, నాలుగు రూపాయలకూ, కొన్నిచోట్ల కేవలం మొగమాటానికీ ముక్కూ మొగమూ తెలియనివారి పక్షాన సాక్షి సంతకాలు పడుతున్నాయి. "ఒక్క సంతకమే కదా" అని తేలికగా అనేవారు దాని ఫలితాన్ని ఆలోచించాలి. తనది కాని ఆస్తిపై హక్కును ఎవరూ మరొకరికి ఇవ్వలేరన్నది నిజమే. అయినా ఆ సంగతిని నిరూపించుకొనే భారం అసలు యజమాని నెత్తిన పడుతుంది. దస్తావేజు రద్దుకు దావా వేయదలచినవారికి, విషయం తెలిసిన నాటి నుండి మూడేళ్ళ గడువును మాత్రమే 1963 నాటి కాలపరిమితి చట్టం ఇస్తున్నది. తెలియక కొన్నవాడి కష్టార్జితమూ బూడిదలో పోసిన పన్నీరే.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూలో గవాహీ అన్నా, తెలుగులో సాక్ష్యమన్నా అది మనిషి మాటకు కట్టిన విలువ. మీరెరుగని వ్యక్తి కొరకు, ఎంతటి మిత్రుడు అడిగినా, సాక్షి సంతకం చేయకండి. ఆధార్ జిరాక్సు ఇవ్వవలసివస్తే, ఏ పని నిమిత్తం ఇస్తున్నారో దానిపై అడ్డంగా వ్రాసి ఇవ్వండి. ఏడాదికొకసారి మీ ఇంటి ఈసీ తీయించి, మీకు తెలియని లావాదేవీ అందులో ఉన్నదేమో తల్లిదండ్రులకు చదివి వినిపించండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. సంవత్సరానికొక దినం న్యాయవాదిని పిలిపించి, దస్తావేజునూ ఈసీనీ చదివే విధానాన్ని మన పిల్లలకు నేర్పించండి. పట్టా పుచ్చుకొని వెళ్ళే విద్యార్థికి తన ఇంటి కాగితం చదవడం రాకపోతే ఆ చదువుకు లోటు ఉన్నట్లే.