గుప్పిట్లో ఇల్లు

ఇంటి పెద్ద చెప్పాపెట్టకుండా మాయమైతే ఊరంతా ఓదార్చడానికి వస్తుంది. బీరువా తాళం నుంచి పిల్లల చదువుల దాకా అన్నీ తన గుప్పిట్లో పెట్టుకున్న మనిషైతే, ఇంట్లోవాళ్లకు దిగులుతోపాటు కాస్త ఊరటా కలుగుతుంది. వెంటనే తప్పు చేసినట్టు మనసు పీకుతుంది. ఆ ఊరట నేరం కాదు.

అసలు చిక్కు తర్వాతే. ఖాతాలు, పొలం కాగితాలు ఆయన పేరునే ఉంటాయి; వాటిని వారసుల పేరుకు మార్చాలంటే ఆయన లేరని తేలాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 111వ సెక్షన్ ప్రకారం, అయినవాళ్లకు 7 ఏళ్లు ఆచూకీ తెలియకపోతే, బతికే ఉన్నారని నిరూపించాల్సిన భారం అలా వాదించేవారిదే. ఆ గడువు లెక్కకు పోలీసు ఫిర్యాదే గట్టి ఆధారం. ఆలస్యం చేయకుండా ఇచ్చి, నకలు దాచుకోవాలి. పెత్తనం ఒకరిదైనా లెక్కలు ఇంటిల్లిపాదికీ తెలియాలి.